చైనా పద్ధతి కోడిమాంసం, కాయగూరల వేపుడు

గ్వాంగ్‌డాంగ్ నుంచి వలస వెళ్ళిన చైనావారు అమెరికాలో హోటళ్ళు పెట్టి, పొట్లం కట్టి అమ్మిన కోడి వేపుడును మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. చాలామందికి మాంసం పీచులా బిగుసుకుంటుంది, కాయగూరలు ముద్దవుతాయి. లోపం మసాలాలో లేదండీ, మంటలో ఉంది.

అరకిలో ఎముకలేని రొమ్ముమాంసాన్ని పీచుకు అడ్డంగా, పలుచగా కోయండి. సోయాసాస్, నూనె, కార్న్‌ఫ్లోర్ చెంచాడేసి పట్టించి పావుగంట ఉంచండి. కార్న్‌ఫ్లోర్ అంటే రొట్టెలు చేసే జొన్నపిండి కాదు సుమా! మొక్కజొన్న నుంచి తీసిన తెల్లని గంజిపిండి. అది పొరలా పట్టి మాంసంలోని తేమను కాపాడుతుంది.

ఇనుప మూకుడు బాగా కాగాక, నూనె వేసి, మాంసాన్ని రెండు వాయిలుగా వేపండి. ఒక్కసారే కుమ్మరిస్తే మూకుడు చల్లబడి, మాంసం నీరు వదిలి ఉడుకుతుందే గాని వేగదు. కట్టెలపొయ్యి ఉన్నవారిది అదృష్టమే, భగభగ మండే మంటే దీనికి కావాలి. ముక్క విరిచి చూడండి. లోపల ఎరుపు పోతేనే దించాలి.

అదే మూకుట్లో అల్లం, వెల్లుల్లి, క్యారెట్, క్యాబేజీ రెండు మూడు నిమిషాలు వేపి, కరకరలాడుతుండగానే మాంసం కలపండి. అరకప్పు నీళ్ళలో చెంచాడు గంజిపిండి కలిపి పోసి, చిక్కబడగానే దించండి.

పచ్చిమాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడగనిదే కాయగూరలు తరగవద్దు. గుడ్లు మానిన ముసలి పెట్ట దీనికి పనికిరాదు. దాన్ని పులుసుకే ఉంచండి.