నిలిచిన బండి, నడిచే బండి

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు నొకదానిని చూచియుందురు. పాలమూరు పట్టణము ఎవరి పేరు పెట్టుకొని మహబూబ్‌నగరమైనదో, ఆ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను దానిని ఇంగ్లండునుండి తెప్పించుకొనదలచినాడు. కారు చేరకమునుపే, 1911లో, ఆయన కాలము చేసినాడు. 1912 నాటి ఆ కారులో వెనుక ఆసనము సింహాసనమువలె ఎత్తుగా ఉండును. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాను ఉత్సవములకు తప్ప దానిని బయటికి తీయించుట అరుదు. ఏండ్ల తరబడి కదలక పడియుండి, తరువాత నిపుణుల చేతిలో పునరుద్ధరణ పొంది, నేడు అద్దమువలె మెరయుచు ప్రదర్శనలో నిలిచియున్నది.

దానికన్న ఇరవై ఏండ్లు చిన్నదైన మరొక బండి అదే నగరములో కలదు. అది ఆల్బియన్ బస్సు, స్కాట్లండులోని గ్లాస్గో నగరమున తయారైనది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినప్పుడు వారివద్ద ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ శాఖయే పెరిగి పెరిగి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సంస్థ వేరుపడినది. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి బాగుచేయబడి బస్ భవన్‌లో ప్రదర్శనకు నిలిచినది. నల్లగొండ పట్టణమునకు రైలు వచ్చినది ఇరవయ్యవ శతాబ్దపు చివరి పాదములోనే గనుక, అంతవరకు ఆ జిల్లా కేంద్రమునకు బస్సే రైలు. రెండు బండ్లలో నాకు బస్సుమీదనే మక్కువ. రాజుగారి కారును చూడ ముచ్చటగా ఉండును గాని, అది ఎవరినీ ఏ ఊరికీ చేర్చిన బండి కాదు.

పాత బండిని బాగుచేయుట అనగానే సాధారణముగా మనకు స్ఫురించునది రోల్స్ రాయిస్ పద్ధతి: రంగు వేసి, నికెలు భాగములకు మెరుగుపెట్టి, గుడ్డ కప్పి, సంవత్సరమున కొకసారి ఊరేగింపునకు తీయుట. రెండవ పద్ధతి ఒకటి కలదు. పాత బండిని ప్రతిదినము బడికి, బజారుకు, పొలమునకు నడుపుకొనునట్లు బాగుచేయుట. ఈ రెండును ఒకే పని కావు. మొదటిదానిలో బండిని ఉన్నది ఉన్నట్లు ఉంచుటయే గొప్ప. రెండవదానిలో, బండి బ్రతుకవలెనన్న దానిని కొంత మార్చక తప్పదు. ఎంత మార్చవలె, ఎక్కడ ఆగవలె? దీనికి జవాబు తెలియక చాలా పాత బండ్లు మన ప్రాంతములో వేపచెట్ల క్రింద కోళ్లకు గూళ్లైనవి.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇట్లు మిగిలిన వానిలో తరచు కనబడునది అంబాసిడరు; దాని తరువాత ఫియట్టు, జీపు. బెంగాలులోని ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సువారు ఆంగ్ల దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై అంబాసిడరును 1950వ దశకపు చివర తయారుచేయ నారంభించి, 2014 మే నెలలో నిలిపివేసినారు. కలెక్టరు నుండి పెండ్లికొడుకు వరకు అందరును ఎక్కిన బండి అది. అందుచేత ఈ వ్యాసములో దానినే ఉదాహరణగా తీసికొందును.

మొట్టమొదట చూడవలసినది ఇంజను కాదు. చాలమంది పొరపడునది ఇక్కడనే. జీపునకు క్రింద ఇనుప చట్రము వేరుగా ఉండును. పైతొడుగు తుప్పుపట్టినను చట్రము మోయును. అంబాసిడరునకు వేరే చట్రము లేదు. నేల, తలుపుల క్రింది పట్టీలు, చక్రముల మీది గూళ్లు అన్నియు కలిసి అతుకబడి, ఆ శరీరమే బరువు మోయును. తలుపు క్రింది పట్టీ తుప్పుపట్టినదనగా ఇంటికి దూలము పుచ్చినట్లే. మన మెట్టసీమలో సముద్రపు ఉప్పుగాలి లేదు గనుక, బందరు, కాకినాడ బండ్లకన్న మన బండ్లకు తుప్పు తక్కువ. ఐనను కాలి క్రింద పరచిన చాపను ఎత్తి, సుత్తితో మెల్లగా కొట్టి చూడవలె. గట్టి రేకు గణగణమనును. పుచ్చిన రేకు బొద్దుగా పలుకును. పుచ్చినచోట పుట్టీ మెత్తి రంగు వేయు మేస్త్రీని దూరముగా ఉంచవలె. ఆ రేకును కోసి, కొత్త రేకు అతికించి, లోపల తుప్పునిరోధకపు పూత వేయువాడే మేస్త్రీ.

ఇక ఇంజను. మన అంబాసిడర్లలో అత్యధిక సంఖ్యాకములకు ఉన్నది 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. మొండిది, కష్టము సహించును, ఊరి మేస్త్రీకి ప్రతి మరయు తెలిసినది. బోరు అరిగిన లేత్ మీద చెక్కించి పెద్ద పిస్టనులు వేయవచ్చును. అయితే ఆ ఇంజను పుట్టిననాటి పెట్రోలు నేడు లేదు. సైన్సు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన విషయమిది. ఆనాటి పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపెడివారు. ఇంజను గుద్దుకొనకుండుటకై కలిపినను, దానివలన మరొక లాభము అనుకోకుండ కలిగినది: మండిన సీసము, పొగ వెడలు వాల్వుకును అది కూర్చుండు పీటకును నడుమ పలుచని పొరగా నిలిచి రెండింటిని కాపాడెడిది. సీసము విషమని తెలిసి, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట అట్టి పెట్రోలును నిలిపివేసినారు. బిడ్డల మెదళ్లకు అది మేలు చేసినది. పాత ఇంజనులకు మాత్రము చిక్కు తెచ్చినది. ఎర్రగా కాగిన వాల్వు మెత్తని పోత ఇనుప పీటను కొద్దికొద్దిగా తినుచు లోనికి దిగును. కొంతకాలమునకు వాల్వు పూర్తిగా మూయబడదు, ఒత్తిడి పోవును, బండి గుట్ట ఎక్కదు. దీనికి మందు తేలికయే. హెడ్డును విప్పినప్పుడే పీటలను చెక్కించి, గట్టి ఉక్కు వలయములను దిగగొట్టించవలె. నెలకొక దినము తీయు బండికి ఇది లేకున్నను జరుగును. ప్రతిదినము నడుచుదానికి జరుగదు.

రెండవ చిక్కు కొత్తది. 2025 నాటికి మన బంకులలో పెట్రోలునందు నూటికి ఇరవై పాళ్లు ఇథనాలు కలియుచున్నది. చెరకు, ధాన్యములనుండి తీయు సారాయము ఇది. పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను, కార్బురేటరు వాషర్లను మెత్తబరచి పాడుచేయును. గాలిలోని తేమను పీల్చుకొనును. బండి వారములకొలది నిలిచిన ఆ నీరు టాంకు అడుగునకు దిగి తుప్పు పుట్టించును. కనుక గొట్టములన్నియు ఇథనాలును తట్టుకొను రకమునకు మార్చవలె, టాంకును లోపల కడిగించవలె, కార్బురేటరు జెట్టును ఒక మెట్టు పెంచవలె. ఇక్కడ ఒక వింత గమనింపుడు: ఈ ఇంధనము నిలిచిన బండికి చేయు కీడు నడుచు బండికి చేయదు. వారము వారము టాంకు ఖాళీయగుచు నిండుచుండినచో నీరు చేరుటకు వ్యవధి ఉండదు.

మన జిల్లాల నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలె. నల్లగొండ అనగానే ఫ్లోరైడు జ్ఞప్తికి వచ్చును. పటిక, సున్నములతో దానిని తొలగించు విధానమునకు ప్రపంచమంతట నల్లగొండ పద్ధతి యనియే పేరు. మనిషి ఎముకలకు ఫ్లోరైడు శత్రువు. రేడియేటరునకు శత్రువు వేరు, అది బోరునీటి కఠినత్వము. ఇంటిలో నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టునది అందరు ఎరిగినదే. అదే పెచ్చు రేడియేటరు సన్నని గొట్టములలోను, ఇంజను చుట్టునున్న నీటి దారులలోను కట్టును. వైశాఖమాసములో ఎండ నలుబది డిగ్రీలు దాటినప్పుడు, కల్వకుర్తి దాటి ఏ చెట్టూ లేనిచోట బండి ఆవిరి గ్రక్కినదనిన నేరము ఎండది కాదు, పెచ్చుది. రేడియేటరును విప్పించి కడిగించి, స్వేదనజలము, కూలెంటు కలిపి పోయవలె. చేతిపంపు నీరు మాత్రము పోయరాదు. ఫానునకు చుట్టు రేకు తొడుగు అమర్చినచో గాలి రేడియేటరుగుండనే వచ్చును. ఖర్చు స్వల్పము, ఫలితము ఎక్కువ.

మార్చవలసినవానిలో నా లెక్కకు మొదటి స్థానము బ్రేకులది. పాత అంబాసిడరునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. అన్నిటికిని ఒకే మాస్టరు సిలిండరు, ఒకే నూనె దారి. ఒకచోట నూనె కారిన నాలుగును పోవును. ఈ బండి పుట్టిననాడు దానికి ముందర పోయినది ఎడ్లబండి. నేడు విజయవాడ రహదారిపై దాని ముందర పోవునది తొక్కగానే ఆగు కొత్త కారు. అందుచేత ముందు చక్రములకు ఒకటి, వెనుకవానికి ఒకటిగా రెండు దారులు గల సిలిండరు అమర్చుట మంచిది. తరువాతి కాలపు అంబాసిడర్లకు ముందు డిస్కు బ్రేకులు వచ్చినవి; ఆ భాగములు పాతదానికి సరిపోవునో లేదో తెలిసిన మేస్త్రీ కొలిచి చెప్పగలడు. మన్ననూరు దాటి శ్రీశైలము ఘాటు దిగువారు మాత్రము ఏ బ్రేకు వేయించినను గేరు తగ్గించియే దిగవలె. కాగిన డ్రమ్ము పట్టదు.

దీపముల సంగతి సంగ్రహముగా చెప్పెదను. పాత డైనమో బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునప్పుడు బాటరీకి ఏమియు ఈయదు. దీపములు మిణుకు మిణుకుమనును. ఆల్టర్నేటరు వేసిన ఆ బాధ తీరును. కొన్ని పాత బండ్లలో బాటరీ ధనధ్రువము శరీరమునకు కలుపబడియుండును, మార్చునప్పుడు చూచుకొనవలె. ఇక సీటు పట్టీలు. వానిని ఉత్త రేకునకు బిగించిన ప్రయోజనము లేదు. లోపల ఉక్కు పలక వేసి బిగించవలె.

ఇన్ని మార్చిన పిమ్మట అది పాత బండియేనా యని అడుగువారు కలరు. ఈ ప్రశ్న చావడిలో వేసికొను ప్రశ్న మాత్రమే కాదు, చట్టముగూడ వేసినది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నిబంధనలను సవరించి, యాభై ఏండ్లు దాటి, మూలరూపము చెడని సొంత వాహనములకు వింటేజి నమోదు కల్పించినది. అట్టి బండి సంఖ్యలో రాష్ట్రపు అక్షరముల తరువాత వీఏ అను అక్షరములుండును. కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లును. గౌరవప్రదమైన పలకయే. అయితే షరతు చూడుడు: ఆ పలకగల బండిని నిత్యావసరములకు గాని, కిరాయికి గాని నడుపరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవలె. 1975లో వచ్చిన మూడవ మార్కు అంబాసిడర్లు సైతము 2025లో యాభై దాటసాగినవి గనుక, ఈ పలకకు మనవద్ద అర్హములైనవి ఏటేటా పెరుగును.

బండిని ప్రతిదినము నడుపదలచినవారు ఆ గౌరవమునకు ఆశపడక సాధారణ నమోదునే కాపాడుకొనవలె. పదునైదేండ్లు నిండిన కారునకు తనిఖీ చేయించి, అయిదేండ్ల కొకసారి పునరుద్ధరించుకొనవలె. 600 రూపాయలుగా ఉండిన ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. ఇరవై ఏండ్లు దాటినవానికి 2025లో మరింత పెంచినారు. ఏపీ 24 అని నల్లగొండ సంఖ్య, ఏపీ 22 అని పాలమూరు సంఖ్య ఉన్న బండ్లు ఇప్పటికిని కనబడుచున్నవి. 2014 తరువాత టీఎస్ 05, టీఎస్ 06 వచ్చినవి. 2024 నుండి టీజీ. కొనువారు బండికన్న ముందు కాగితము చూడవలె. ఇంజను సంఖ్య, శరీరముపై కొట్టిన సంఖ్య కాగితముతో కలియవలె. ఇంజనునే వేరు జాతిది వేసికొనదలచిన, రవాణా శాఖ అనుమతి ముందుగా పొందవలె. వేసిన తరువాత అడిగిన లాభము లేదు. ముదురు బండ్లమీద ప్రభుత్వము కన్నెఱ్ఱ చేయుట అన్యాయమని నే ననను. పొగ నిజమే. కాని సరిగా మరమ్మతైన పాత ఇంజనునకును, రింగులు పోయి నీలపు పొగ వదలు దానికిని భేదమును యంత్రముతో కొలువవచ్చును, వయస్సుతో కొలువరాదు.

విడిభాగములకు మనవారు పోవు తావులు రెండు: ఒకవైపు హైదరాబాదులోని రాణిగంజి, పుత్లీబౌలీ, మరియొకవైపు విజయవాడ ఆటోనగరు. నల్లగొండవారికి రెండును ఒకే రహదారి మీద ఉన్నవి. దొరకని భాగమును లేత్ మీద చేయించుకొనవచ్చును, చేయువాడు ఉన్నంతవరకు. నాకు దిగులు ఇక్కడనే. కార్బురేటరును చెవితో సరిచేయగలవారు, పాయింట్ల ఎడమును చూపుతో చెప్పగలవారు నేడు ముదుసలులు. వారి కుమారులు కంప్యూటరు తగిలించి దోషము చదువు బండ్లకు పోయినారు. అందులో తప్పులేదు, కూడు అక్కడ ఉన్నది. పాలిటెక్నికు, ఐ.టి.ఐ. విద్యార్థులకు ఒక మనవి: మీ ఊరి షెడ్డులో అట్టి పెద్ద లెవరైన ఉన్నచో, ఒక వేసవి సెలవు వారివద్ద గడిపి, వారు చేయునది చిత్రములతో సహా వ్రాసికొనుడు. ప్రదర్శనకు నిలిచిన బండికి ఆ విద్య లేకున్నను జరుగును. నడుచు బండికి నెల తిరుగకమునుపే దానితో పని పడును.

బోరు చెక్కించి కొత్త పిస్టనులు వేసిన బండిని మొదటి వేయి కిలోమీటర్లు తొందరపెట్టరాదు. దానికి జడ్చర్లనుండి కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడ మీదుగా కోదాడ పోవు దారి అనుకూలము. మన రెండు జిల్లాలను అది కలుపును, పెద్ద ఘాటులు లేవు. తెల్లవారుజామున బయలుదేరి, గంటకు యాభై దాటక, అప్పుడప్పుడు వేగము మార్చుచు పోవలె. ఒకే వేగమున పోయిన రింగులు సరిగా కూర్చుండవు. మల్లేపల్లిలో ఆపి, ఇంజను చల్లబడిన తరువాత నూనె చూచి, క్రింద వంగి ఎక్కడ చుక్క పడుచున్నదో గమనింపవలె. తిరిగి వచ్చిన తరువాత హెడ్డు నట్లు మరల బిగించి, వాల్వుల సందు సరిచేసి, నూనె మార్చి, సోమవారమునుండి బడికి తీసికొనిపోవచ్చును.