రికార్డులు పెద్దచేపలవి, ఆరోగ్యం పరిగెలది

2019 జనవరిలో టోక్యోలోని టొయొసు చేపల మార్కెట్లో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒకటి 33.36 కోట్ల యెన్‌లకు పాట పోయింది. అప్పటి మారకంలో మన ఇరవై కోట్ల రూపాయల పైమాటే. కొత్త సంవత్సరం తొలి పాటలో పెద్ద ట్యూనాను ఎగరేసుకుపోవడం అక్కడి సుషీ హోటళ్లవాళ్లకు పరువు వ్యవహారం. అంత పోసి కొన్నారు కదా, తింటే ఒంటికి అంత మేలా అంటే, అదేం లేదు. సముద్రంలో చిన్నచేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది మింగుతూ పోతుంటే నీళ్లలోని పాదరసం మెట్టుమెట్టుకూ పోగుపడుతుంది. పైమెట్టు మీద ఉండేవి పెద్ద ట్యూనాలు, స్వోర్డ్‌ఫిష్‌లు, పెద్ద సొరలు.

ఆ పాదరసం ఏం చేయగలదో లోకానికి చూపించింది కూడా జపానే. మినమాటాలో చిస్సో రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన తన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు తిన్న పిల్లులు తూలిపోతూ, గిరగిరా తిరుగుతూ చచ్చాయి. 1956లో మనుషుల్లోనూ ఆ జబ్బు ఉన్నట్టు అధికారికంగా గుర్తించారు. పైకి ఆరోగ్యంగానే కనిపించిన తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. అందుకే సొర, స్వోర్డ్‌ఫిష్, కింగ్ మాకరెల్ లాంటివి గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. మన వంజరం ఆ కింగ్ మాకరెల్‌కు దాయాదే. ఇక కోస్తాలో బాలింతకు పాలు పడాలని సొరపిట్టు చేసిపెట్టడం తరాల నాటి అలవాటు. పాలసొర లాంటి చిన్నదానికీ, ఏళ్లతరబడి సముద్రాన్ని మేసిన పెద్ద సొరకూ చాలా తేడా ఉంది కాబట్టి అమ్మమ్మను తప్పుపట్టక్కర్లేదు. బజారులో పెద్ద సొర ముక్కను మాత్రం బాలింత కోసం కొనకపోవడమే మంచిది. అలాగని గర్భిణులు చేప మానేయమని కాదు. పాదరసం తక్కువుండే చేపలు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినమనేది కూడా ఆ సంస్థే.

నన్నడిగితే ఆరోగ్యానికి మొదటి బహుమతి బంగ్లాదేశ్ చెరువుల్లోని మోలా అనే వేలెడంత చేపకిస్తాను. నిజానికి బహుమతి వచ్చింది దాన్ని పరిశోధించిన శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు. ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి శాస్త్రవేత్త ఆమె. 2021 ప్రపంచ ఆహార బహుమతి ఆమెదే. ముళ్లతో సహా నమిలేస్తాం కాబట్టి చిన్నచేపలతో కాల్షియం దక్కుతుంది, ఇనుము, జింకు అదనం. మోలాలో అసలు విశేషం ఎ విటమిన్. అందులో దాదాపు సగం దాని కళ్లలోనే ఉందని తేలింది. మన ఇళ్లల్లో పరిగెలు ఎలా చేస్తారో చూడండి: బూడిదో రాళ్లుప్పో వేసి పొలుసు పోయేదాకా రుద్ది, పొట్ట నొక్కి, ఆఖర్న తలకాయలన్నీ గిల్లి పిల్లికి వేస్తారు. మోలా తలల్ని ఇలాగే పారేస్తే ఎ విటమిన్‌లో పెద్దవాటా పోయినట్టే.

పులస సంగతి ఎత్తకపోతే గోదావరి జిల్లాలవాళ్లు ఊరుకోరు. వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే ఈ చేప వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మయినా తినాలన్నారు సరే, అమ్మాల్సిన పుస్తెలు ఎవరివో ఆ సామెత కట్టినవాడు చెప్పలేదు. దాని కొవ్వులో గుండెకు మంచివనే ఒమేగా-3లు దండిగా ఉంటాయి. కవళ్లలోనూ, కానాగంతల్లోనూ అవే ఉంటాయి, అదీ పుస్తెల జోలికి పోకుండా.

ఈ ఒమేగా-3 గోల మొదలైంది గ్రీన్‌లాండ్‌లో. 1970ల్లో బ్యాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు అక్కడి ఇన్యూట్‌ల రక్తం పరీక్షించారు. సీల్, తిమింగలం, చేప తప్ప వేరే తిండి పెద్దగా ఎరగని వాళ్లకు గుండెజబ్బులు ఎందుకు తక్కువ అని ఆలోచించి, సముద్రపు కొవ్వే కారణమన్నారు. ఒమేగా-3 మాత్రల వ్యాపారం దాని మీదే పుట్టింది. ఆ ఇద్దరూ గుండెజబ్బులు ఎందరికున్నాయో స్వయంగా లెక్కపెట్టలేదని తర్వాతెప్పుడో, 2014లో, పాత కాగితాలు తిరగేసినవాళ్లు బయటపెట్టారు.

మరి చేప పని చేస్తుందా? గుండెపోటు నుంచి బతికి బయటపడ్డ 2,033 మంది మగవాళ్లతో వేల్స్‌లో జరిపిన ఒక పరీక్ష ఫలితం 1989లో వచ్చింది. కొవ్వు చేపలు తినమని చెప్పించుకున్నవాళ్లలో రెండేళ్లలో మరణాలు 29 శాతం తగ్గాయి. అందరూ ఎగిరి గంతేశారు. ఆ పరీక్ష జరిపిన పరిశోధకుడే ఆంజైనా రోగులు 3,114 మందితో చేసిన రెండో పరీక్ష ఫలితం 2003లో వస్తే, మేలు కనిపించకపోగా చేపనూనె మాత్రలు వేసుకున్నవాళ్లలో గుండె మరణాలు పెరిగాయి. 2018లో అమెరికాలో 25,871 మందిని పరీక్షించినా ఒమేగా-3 మాత్రలు గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పుల మొత్తాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేకపోయాయి. చేప కూరకు మాత్రం అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇప్పటికీ ఓటేస్తూనే ఉంది: వారానికి రెండుసార్లు, పూటకు 85 గ్రాములు, వేపుడు కాకుండా. ముసలివాళ్ల మీద అమెరికాలో చేసిన మరో పరిశీలనలోనూ కాల్చిన, ఓవెన్‌లో వండిన చేపకున్న మేలు నూనెలో వేయించినదానికి కనబడలేదు. చింతపండు పులుసు పెట్టుకునేవాళ్లం మనం అదృష్టవంతులం.

మందుగా చేపను మింగడంలో రికార్డు హైదరాబాదుదే అయి ఉండాలి. మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, ఉబ్బసం రోగి గొంతులోకి జార్చేస్తారు. 1845 నుంచీ ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. చేపలు తిననివాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. ఒకప్పుడు చేప మందు అనేవారు, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు.

చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందనే భయం ఇంకా పోలేదు. బెంగాలీలు పెరుగులో చేపను వండుకుంటారు, ఫిన్లాండ్‌లో సాల్మన్ సూపులో పాలే పోస్తారు. వాళ్లకేం కాలేదు. ఇలా పాలకు భయపడేవాళ్లే మెత్తబడ్డ కానాగంతల్ని మాత్రం ఉడికిస్తే సరిపోతుందిలే అని చవగ్గా పట్టుకొస్తారు. అసలు ప్రమాదం అక్కడుంది. కానాగంత, ట్యూనా జాతి చేపలు మంచు లేకుండా ఎండలో పడుంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. బేరం మొదలెట్టే ముందు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా లేకపోతే ఎంతకిచ్చినా వద్దనండి.