ముసలి పిల్లి మూతి తిప్పుకుంటే

గౌలి అంటే పాడి పశువుల మీద బతికే మనిషి. ఆ పేరు మోస్తున్న హైదరాబాద్ గౌలిపురలోనూ, లాల్‌దర్వాజా చుట్టుపక్కలా పిల్లి అనగానే పాలన్నం గిన్నె గుర్తొస్తుంది. మటన్ తెచ్చిన రోజు కార్జం ముక్క కూడా దానికే. అలా పన్నెండేళ్లు పెరిగిన పిల్లి ఎక్కువ నీళ్లు తాగుతూ, ఎక్కువ మూత్రం పోస్తూ చిక్కిపోతుంటే అది కిడ్నీ జబ్బు కావచ్చు; రక్తపరీక్ష చేయించాలి, ఆ గిన్నెలో ఏముందో కూడా చూడాలి.

పిల్లి మూత్రపిండాల్లో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్లు నశిస్తే మళ్లీ పుట్టవు. వాటి భారం మిగిలినవి మోస్తాయి కనుక జబ్బు చాలాకాలం బయటపడదు. రక్తంలో క్రియాటినిన్ అనే మలినం పెరిగేసరికి సుమారు ముప్పావు వంతు పని పోయి ఉంటుంది. బయటికి పోవలసిన భాస్వరం ఒంట్లోనే నిలిచి, మిగిలిన నెఫ్రాన్లనూ దెబ్బతీస్తుంది. పాలు, కార్జం, బొక్కలు, ఎండు చేపలు, అంటే మనం ప్రేమతో పెట్టేవన్నీ, భాస్వరం దండిగా ఉన్నవే. అలాగని ఉత్త అన్నం మీద ఉంచడమూ తప్పే. పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టారిన్ తగ్గితే దాని గుండె, కళ్లు పాడవుతాయి.

అందుకే వైద్యులు భాస్వరం తగ్గించిన కిడ్నీ ఫుడ్ రాస్తారు. పిల్లి దాన్ని వాసన చూసి వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు గాని, చాలాసార్లు అది వికారం. రక్తంలో పేరుకున్న మలినాలు కడుపు తిప్పుతాయి. ఆ సమయంలో పెట్టిన తిండి మీద పిల్లికి విరక్తి పుట్టి చాలాకాలం ఉండిపోతుంది. కనుక వాంతులు అవుతున్న రోజున కొత్త తిండి మొదలుపెట్టకండి, మాత్రను అన్నంలో దాచకండి. ముందు వికారానికి మందు, తర్వాతే మార్పు.

పిల్లి నాలుకకు తీపి తెలియదు. ఆ రుచిని పట్టే జన్యువు దానిలో చెడిపోయి ఉందని 2005లో శాస్త్రజ్ఞులు చూపించారు. దాన్ని గిన్నె దగ్గరికి పిలిచేది వాసనే. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండి వాసన ఇవ్వదు; పిల్లి ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దాకా వెచ్చబెట్టండి. పాత తిండిలో చెంచాడు కొత్తది కలిపి, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచండి. పొడి గింజల కన్నా తడి ఆహారం మేలు, నీరు కూడా లోపలికి పోతుంది. మన కూర ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిడ్నీ జబ్బులో ఆ కణాలు ముందే తక్కువ.

ఎంత మంచి ఆహారమైనా తిననప్పుడు ఉపయోగం లేదు. ఆకలితో మాడిస్తే దిగివస్తుందని ఎవరైనా చెబితే వినకండి. రెండుమూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కొత్తది ముట్టకపోతే కొంతకాలం పాత తిండే పెట్టండి. ఒక పగలు, ఒక రాత్రి ఏమీ ముట్టకపోతే మర్నాటి దాకా ఆగకుండా నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు గాని, దగ్గరి డాక్టరు వద్దకు గాని తీసుకెళ్లండి.