జింకల మేతయు రకూనుల బెడదయు

మా పాఠశాలలో చదివి, అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రమందు స్థిరపడిన పూర్వవిద్యార్థి యొకడు గత వేసవిలో మమ్ము చూడవచ్చి ఒక విచిత్రమైన కష్టమును చెప్పెను. అతడు తన ఊరికి చాలదూరమున కొంత అడవినేల కొని, తెల్లతోక జింకల కొఱకు మొక్కజొన్నల పీపా నొకదానిని నిలిపెనట. నెలకొకసారి పోయి చూచునప్పటికి పీపా ఖాళీ. జింకల అడుగుజాడలు స్వల్పము. చెట్టునకు కట్టిన కెమేరాలో రాత్రివేళ పడిన బొమ్మలను చూడగా దొంగలెవరో తెలిసినది. అవి రకూనులు. అచ్చట ఇట్టి పీపాలను పెక్కుమంది వేటకొఱకే పెట్టుదురు. మా శిష్యుడు మాత్రము కన్నులపండువుగా చూచుటకేనని చెప్పెను, మేము నమ్మితిమి.

మన పిల్లల కుటుంబములు కొన్నింటిలో అన్నయో, మేనమామయో ఆ దేశమున ఉన్నారు. మనుమలను చూడబోవు తాతలు, అవ్వలును కలరు. కావున ఈ జంతువును గూర్చి తెలిసికొనుట వ్యర్థము కాదని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

రకూను పిల్లికంటె పెద్దది. తూకము సాధారణముగా 4 మొదలు 9 కిలోలు. కన్నుల చుట్టు నల్లని పట్టీ, తోకమీద నల్లని కట్లు ఉండును. దాని బలమంతయు ముందరి పాదములలో నున్నది. ఐదేసి వ్రేళ్లు, మిక్కిలి సూక్ష్మమైన స్పర్శజ్ఞానము. చీకటిలో నీటి అడుగును తడవి ఎండ్రకాయలను పట్టగలదు. చేతులతో గీకునది అను అర్థమిచ్చు ఆదివాసుల మాటనుండియే దాని పేరు పుట్టినది. 1934లో జర్మనీదేశమున ఒక చెరువుగట్టున రెండు జంటలను విడువగా, అవి అచ్చటను విస్తారముగా వ్యాపించినవి. ఏది దొరికిన అది తినును, ఎక్కడికైనను ఎక్కును.

ఇక పీపా సంగతి. మూడు ఇనుపకాళ్లపై నిలిపిన డ్రమ్ము అది. 200 లీటర్ల డ్రమ్ములో సుమారు 140 కిలోల మొక్కజొన్నలు పట్టును. క్రింద చిన్న రంధ్రము, దానిక్రింద బ్యాటరీతో తిరుగు పళ్లెము ఉండును. గడియారము పెట్టిన వేళకు పళ్లెము కొన్ని క్షణములు తిరిగి గింజలను చుట్టును వెదజల్లును. పూటకొక కిలో చొప్పున రెండుపూటలు జల్లినచో 70 దినములు రావలెను. రకూను కాలిమీదుగా ఎక్కి, ఆ పళ్లెమును చేతితో త్రిప్పును. గడియారముతో దానికి పనిలేదు.

మన రాగిచేలకు ఏనుగులు వచ్చునపుడు రైతులు మంచెలపై కావలి ఉందురు. అడవినడుమ పీపాకు కావలి యెవరు? మనిషి లేనపుడును పనిచేయు అడ్డు కావలెను. మొదటిది పళ్లెము చుట్టు ఇనుపకమ్మీల పంజరము. గింజ బయటికి పోవలెను, చేయి లోనికి పోరాదు. పోయినను పళ్లెమును అందుకొనరాదు. రెండవది మూడు కాళ్లకును లావైన నున్నని రేకుగొట్టములు తొడుగుట. కౌగిలించుకొని ఎక్కు జంతువునకు గోరు దిగని చోటు పట్టు దొరకదు. కాని దగ్గర చెట్టుకొమ్మ యున్నచో ఈ శ్రమయంతయు వృథా. మూతకు గట్టి బిగింపు కావలెను. వట్టి కొక్కెమును ఆ వ్రేళ్లు తీయగలవు.

ఇంత చేసినను నేలపై పడిన గింజను తినకుండ ఆపలేము. అందుకు ఉపాయము వేళయే. రకూను ముఖ్యముగా రాత్రి తిరుగునది. గింజలను తెల్లవారిన పిదప, జింకలు పగటిలోనే ముగించునంత కొలదిగా జల్లవలెను. కొందరు కాళ్లకు గ్రీజు పూయుదురు. అది జంతువుల బొచ్చునకు అంటి బాధించును. విషము పెట్టుట నేరము, పాపమును. బోనులో పట్టి వేరొకచోట విడుచుట సులభముగా తోచును గాని, దానితో రోగములను క్రొత్తచోటికి పంపినవారమగుదుము. అనేక రాష్ట్రములలో దానికి నిషేధము కలదు.

మేత పెట్టుటయే మంచిదా యను ప్రశ్నయు ఉన్నది. జింకలను క్రమముగా చిక్కించి చంపు మెదడురోగ మొకటి 1967లో కొలరాడో రాష్ట్రమున మొదట కనబడినది; టెక్సాసులో 2012లో బయటపడినది. చికిత్స లేదు. జింకలు ఒకచోట గుమిగూడినచో సులభముగా అంటుకొనును. అందుచే కొన్ని ప్రాంతములలో మేత పెట్టుటనే మాన్పించిరి.

మా శిష్యునికి అయిదేండ్ల కుమారుడు కలడు. అందుచేత మేము మేతకంటె దీనినే గట్టిగా చెప్పితిమి. రకూనులు ఒకేచోట మలవిసర్జన చేయు అలవాటుగలవి. ఆ మలములో ఒక విధమైన ఏలికపాముల గ్రుడ్లుండును. అవి రెండుమూడు వారములలో అంటు శక్తి పొందును. మన్ను నోట పెట్టుకొను పిల్లవాని కడుపులోనికి పోయినచో పురుగులు మెదడునకును, కంటికిని ప్రాకగలవు. పిల్లలను ఆ చాయలకు పోనీయరాదు. చేతులు సబ్బుతో కడిగింపవలెను. ఆ దేశపు తూర్పు రాష్ట్రములలో వెఱ్ఱికుక్క రోగమును మోయు ముఖ్యజంతువులలో రకూను ఒకటి. కఱచినచో గాయమును వెంటనే సబ్బునీటితో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యుని యొద్దకు పోవలెను. ఇచ్చట కుక్క కఱచినను, కోతి కఱచినను చేయవలసినది ఇదియే. పసుపు, సున్నము పూసి ఇంట కూర్చుండపెట్టు తల్లిదండ్రులు మనలో ఇంకను ఉన్నారు.

కోతులనగా మా తప్పు నొకటి చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట పాఠశాలలో వాని బాధ మిక్కుటము. కఱ్ఱలతో తరిమించితిమి, టపాకాయలు కాల్పించితిమి. తుదకు తెలిసినదేమనగా, మిగిలిన అన్నమును వంటశాల వెనుక పారవేయించుచున్నది మేమే! మూతగల తొట్టి పెట్టించి, ఏదినపు మిగులును ఆ దినమే పశువులకు పంపగా, అవి రెండు నెలలలో చాలవఱకు తగ్గినవి.

దీపావళికి శిష్యుని ఉత్తరము వచ్చినది. పిల్లవానిని పీపా దరికి తీసికొనిపోవుట మానెనట. పంజరము బిగించి, రేకు చాలక రెండు కాళ్లకే తొడిగెనట. రకూనులు మూడవ కాలిమీదుగా ఎక్కుచున్నవి.