పళ్లెంలో ఎనిమిది కాళ్లు

దూరం నుంచి చూస్తే నూనెలో కాస్త ఎక్కువ వేగి నల్లబడ్డ చల్లమిరపకాయల కుప్పలా ఉంటుంది. గుండ్రటి పెద్ద పళ్లెం, దాని మీద వేగిన వెల్లుల్లి పలుకులు. బస్సు దిగి ఒళ్లు విరుచుకుంటున్న ప్రయాణికుడు ఇదేదో బజ్జీల బాపతే అనుకుని రెండడుగులు ముందుకేస్తాడు. అప్పుడు కనిపిస్తాయి కాళ్లు. సన్నటి నూగుతో, మధ్యలో వంగి, ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయిన కాళ్లు. లెక్కపెడితే ఒక్కోదానికి ఎనిమిది. అరచేయంత సాలీళ్లు, పదుల కొద్దీ.

పళ్లెం వెనకున్న అమ్మాయికి ఆ ఉలికిపాటు రోజూ చూసేదే. ‘బాంగ్... బాంగ్...’ అని పిలుస్తుంది. తమకన్నా పెద్దవాళ్లను, ఆడైనా మగైనా, ఖ్మేర్ భాషలో అలాగే పిలుస్తారు. మన అన్నా, అక్కా రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పిలుస్తూనే ఓ కాలు పుటుక్కున తుంచి అందిస్తుంది. చేగోడీ విరిగినట్టు చప్పుడవుతుంది.

ఊరి పేరు స్కూన్. కంబోడియా రాజధాని నాంపెన్ నుంచి ఉత్తరంగా దాదాపు 75 కిలోమీటర్లు. కంపాంగ్ చామ్ రాష్ట్రంలో చిన్న సంత ఊరు. అంకోర్ ఆలయాలున్న సియం రీప్ వైపు వెళ్లే ఆరో నంబరు జాతీయ రహదారి నుంచి, మెకాంగ్ నది ఒడ్డునున్న కంపాంగ్ చామ్ పట్టణం వైపు ఏడో నంబరు రహదారి చీలేది ఇక్కడే. ఎటు పోయే బస్సయినా కాసేపు ఆగాల్సిందే. చేతులు కడుక్కోవాలి, టీయో చెరకు రసమో తాగాలి, ఇంటికేదైనా పట్టుకెళ్లాలి. తాపేశ్వరం అనగానే మనకు కాజా గుర్తొచ్చినట్టు, స్కూన్ అనగానే కంబోడియావాళ్లకు ‘ఆపింగ్’ గుర్తొస్తుంది. ఆపింగ్ అంటే ఈ సాలీడే. ఇంగ్లిష్ గైడ్‌బుక్కులైతే ఊరికే పేరు మార్చేసి ‘స్పైడర్‌విల్’ అని రాసుకున్నాయి.

అలాగని ఊరంతా సాలీళ్లే అనుకుంటే పొరపాటు. తామర కాయలను కట్టలు కట్టి అమ్ముతారు, పచ్చి గింజలు ఒలుచుకుని తినడానికి. అనాస ముక్కలుంటాయి, పనస తొనలుంటాయి. కొబ్బరిపాలు, బొబ్బర్లు కలిపిన జిగురు బియ్యాన్ని వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే ‘క్రలాన్’ ఈ దేశపు రహదారుల పక్కన మామూలు దృశ్యం. మారేడుమిల్లి బొంగు చికెన్ తిన్నవాళ్లకు పెద్ద వింతేం కాదు. చుట్టూ పొలాల గట్ల మీద తాటిచెట్లు. కంబోడియా జాతీయ వృక్షం తాడే. కిటికీ పక్కన కూర్చున్న తెలుగువాడు కాసేపు నిడదవోలు దాటి పోతున్నాననుకున్నా తప్పులేదు, ఆ పళ్లెం కంటబడేదాకా.

సాలీడు అడవిలో ఉన్నంతసేపూ అంత తేలిగ్గా దొరికే ప్రాణి కాదు. నేలలో బొరియ తవ్వుకుని, నోటి దగ్గర పలచగా పట్టుదారం అల్లుకుని పగలంతా లోపలే ఉంటుంది. ఆ దారపు మెరుపే వేటగాడికి గుర్తు. సన్నటి పుల్ల లోపలికి పోనిచ్చి కదిలిస్తాడు. ఎవరో చొరబడ్డారని అది కోపంగా పుల్లను పట్టుకుంటుంది, లేదా బయటికి ఉరుకుతుంది. బొరియ లోతైతే గునపంతో తవ్వడమే. బయటికి రాగానే వీపు మీద వేలితో నొక్కిపెట్టి, కోరలు రెండూ విరిచేస్తాడు. అమెరికా ఖండాల్లోని పెద్ద సాలీళ్లు దురద పుట్టించే నూగును శత్రువు మీదికి రాలుస్తాయి. ఆసియా జాతులకు ఆ ఆయుధం లేదు, ఉన్నదల్లా కాటే. ఆ కాటుకు మనిషి చావడు గానీ నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది. కోరలు తీసేశాక మిగిలింది ఓ పెద్ద, మెత్తని, దిక్కుతోచని జీవి. సంతలో పిల్లలు వాటిని చొక్కాల మీద పాకించుకుంటూ తిరుగుతారు. పర్యాటకుల భుజం మీదా వదిలి కెమెరాకు నవ్వమంటారు.

వంట మాత్రం ఐదు నిమిషాల పని. కడిగి, ఉప్పు, పంచదార, అజినమోటో పట్టించి, దంచిన వెల్లుల్లి వేసిన నూనెలో కాళ్లు బిర్రబిగిసేదాకా వేయిస్తారు. పంచదార పాకం పట్టినట్టయి రంగు ఎర్రటి నలుపుకి తిరుగుతుంది. తినడానికీ ఓ వరస ఉంది. ముందు కాళ్లు. వాటిలో కండ తక్కువ, కరకర ఎక్కువ. తర్వాత తల, ఛాతీ కలిసిన భాగం. తెల్లటి కండ ఉండేది అక్కడే. పీతకూ కోడికీ మధ్యస్థంగా ఉందని తిన్నవాళ్లలో చాలామంది చెబుతారు. చివరికి మిగిలేది పొట్ట. అసలు పరీక్ష అది. లోపల గోధుమరంగు ముద్ద ఉంటుంది, పేగులూ గుడ్లూ అన్నీ కలిసి. కొందరు కంబోడియావాళ్లు దానికోసమే కొంటారు, కొందరు పక్కన పారేస్తారు. గోదావరి జిల్లాల్లో రొయ్య తలకాయ చప్పరించేవాళ్లూ, వలిచి పడేసేవాళ్లూ ఒకే విస్తరి ముందు కూర్చున్నట్టే.

ఇక్కడ మన భాష మనల్ని కాస్త తప్పుదారి పట్టించింది. ‘సాలెపురుగు’ అన్నాం, ‘పురుగు’ అనేసరికి నోరు మూసుకుపోయింది. జీవశాస్త్రం లెక్కలో ఇది పురుగు కాదు. కీటకాలకు ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. పైపెంకు, కీళ్ల కాళ్లున్న ఆ పెద్ద కుటుంబంలోనే పీతా రొయ్యా ఉన్నాయి. పది కాళ్ల పీతను పులుసు పెట్టుకుని లొట్టలేసేవాళ్లు ఎనిమిది కాళ్లదాన్ని చూసి జడుసుకోవడంలో తర్కం వెతకడం దండగ. నాలుక చిన్నప్పుడు అలవాటైన దాన్నే నమ్ముతుంది.

ఈ తిండి ఎలా మొదలైందని అడిగితే గైడ్లు చెప్పే కథ ఒకటే, ఖ్మేర్ రూజ్, అంటే పోల్ పాట్ నడిపిన కమ్యూనిస్టు దళం నాటి ఆకలి. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ సేనలు నాంపెన్‌లో అడుగుపెట్టాయి. రోజుల్లోనే నగరాన్ని ఖాళీ చేయించి జనాన్ని పొలాల్లోకి తోలాయి. 1979 జనవరిలో ఆ పాలన కూలేనాటికి చనిపోయినవాళ్లు 15 నుంచి 20 లక్షల దాకా ఉంటారని అంచనా. దేశ జనాభా అప్పటికి 80 లక్షలకు అటూ ఇటూ. సొంతంగా పొయ్యి వెలిగించుకోవడం నిషేధం. ఉమ్మడి వంటశాలలో పోసే పలచటి గంజే గతి. బతకాలంటే ఎలుకో, మిడతో, తొండో, సాలీడో చీకట్లో పట్టుకుని గుట్టుగా తినాలి. దొరికిపోతే దొంగతనం కింద లెక్క, దానికి శిక్ష ప్రాణమే కావచ్చు. ఆ రోజుల్లో చిన్నపిల్లగా బతికి బయటపడ్డ లౌంగ్ ఉంగ్ జ్ఞాపకాల పుస్తకాన్ని ఏంజెలినా జోలీ సినిమాగా తీసింది. 2017లో ఆ సినిమా సందర్భంగా బీబీసీ కెమెరా ముందు పిల్లలతో కలిసి సాలీళ్లు వేయించి తిన్నది కూడా. ఆ వీడియోతో ఆపింగ్ ప్రపంచంలో మరింత మందికి తెలిసింది.

ఆకలి కథ అబద్ధం కాదు. అయితే మొత్తం కథ అదే కాదు. పళ్లెంలోకి ఇంకోసారి చూస్తే తెలుస్తుంది. వెల్లుల్లి, పంచదార, గిన్నెడు నూనె. ఖ్మేర్ రూజ్ నాటి పల్లెలో నూనె ఎక్కడిది? అప్పుడు తిన్నది, దొరికితే, నిప్పుల్లో కాల్చిన సాలీడు. ఇప్పుడు స్కూన్‌లో అమ్ముతున్నది శాంతికాలపు వంట. బస్సులు తిరగడం మొదలయ్యాక, జేబులో నాలుగు డబ్బులు ఆడాక పుట్టిన చిరుతిండి. పైగా నాటువైద్యంలో ఆపింగ్ అంతకుముందు నుంచీ ఉందనే మాట ఖ్మేర్ పల్లెల్లో వినిపిస్తుంది. సాలీళ్లను బియ్యపు సారాలో ఊరబెట్టి నడుం నొప్పికీ దగ్గుకీ తాగుతారు. ఆ సారాను వాళ్ల భాషలో ‘స్రా’ అంటారు, సంస్కృతంలోని ‘సుర’ నుంచి వచ్చిన మాట. అడుగున నల్లటి సాలీళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్న ఆ సీసాలు దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆకలి ఆ తిండిని ఇంటింటికీ చేర్చి ఉండొచ్చు. ఆకలి తీరాక కూడా వదలకుండా తింటున్నారంటే మాత్రం కారణం రుచే.

స్కూన్ గురించి చాలామంది గమనించని సంగతి మరోటుంది. ఇక్కడ అమ్మే సాలీళ్లు ఇక్కడివి కావు. ఊరి చుట్టూ ఉన్నవి వరి మళ్లు, తోటలు. సరుకు వచ్చేది ఉత్తరాన కంపాంగ్ థామ్ లాంటి రాష్ట్రాల అడవుల నుంచి. వేటగాడు పట్టినవాటిని దళారీ కొంటాడు, దళారీ నుంచి పళ్లెం అమ్మాయి కొంటుంది. స్కూన్‌కున్న బలమల్లా ఆ కూడలే. రెండు రహదారులు అక్కడ కలవకపోతే ఈ పేరు ఇంకో ఊరికి దక్కేది.

ఆ అడవులే ఇప్పుడు తరిగిపోతున్నాయి. 2001 నుంచి చూస్తే కంబోడియాలో చెట్లు పోగొట్టుకున్న నేల 20 లక్షల హెక్టార్ల పైమాటేనని ఉపగ్రహ చిత్రాలు చెబుతున్నాయి. చాలాచోట్ల రబ్బరు వచ్చింది, జీడిమామిడి వచ్చింది. కంపాంగ్ చామ్ ప్రాంతానికి రబ్బరు కొత్త కాదు, ఫ్రెంచివాళ్లు వందేళ్ల కిందటే తోటలు వేశారు. కొత్తగా వచ్చిందల్లా ఈ వేగమే. తోటలో నేల దున్నుతారు, మందు కొడతారు, బొరియ మిగలదు. మరో చిక్కు సాలీడు పెరిగే తీరులో ఉంది. శాస్త్రవేత్తలు సిరియోపాగోపస్ ఆల్బోస్ట్రయాటస్ అని పిలిచే ఈ జాతిలో ఆడది ఈడుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పొట్ట నిండుగా, గుడ్లతో ఉన్నదానికే సంతలో గిరాకీ. రేపటి పంటను ఇవాళే వేయించుకోవడం అన్నమాట.

ధర ఆ సంగతిని తిన్నగా చెప్పేస్తుంది. ఇరవై ఏళ్ల కిందట ఒక్కో సాలీడు కొన్ని వందల రియళ్లు. డాలరుకు సుమారు 4,000 రియళ్లు కాబట్టి మన లెక్కలో ఐదారు రూపాయలనుకోవచ్చు. 2018 వచ్చేసరికి డాలరు దాకా పోయింది. ఒకప్పుడు గంపెడు పట్టుకెళ్లినవాళ్లు ఇప్పుడు లెక్కపెట్టి కొంటున్నారు. నాంపెన్‌లో వీధి పిల్లలకు వంట, వడ్డన నేర్పే రోమ్‌డెంగ్ లాంటి రెస్టారెంట్లలో ఇదే సాలీడు తెల్లటి పింగాణీ పళ్లెంలో, నిమ్మరసంలో కంపోట్ మిరియాల పొడి కలిపిన నంజుతో వస్తుంది. పేదల తిండి మెనూ కార్డెక్కడం మన రాగిసంకటి విషయంలోనూ చూశాం.

సాలీడు ఖరీదయ్యేకొద్దీ పక్క పళ్లెం ఎత్తు పెరిగింది. అందులో ఉన్నవి కీచురాళ్లు. రాత్రిపూట కంపాంగ్ థామ్ వైపు రోడ్డు మీద వెళ్తుంటే పొలాల్లో నీలి వెలుగులు కనిపిస్తాయి. రెండు కర్రలకు ప్లాస్టిక్ కాగితం నిలువుగా కట్టి, పైన ట్యూబులైటు వెలిగించి, కింద నీళ్ల తొట్టి పెడతారు. వెలుగుకి ఎగిరొచ్చిన కీచురాయి కాగితానికి కొట్టుకుని జారి నీళ్లలో పడుతుంది. తొలకరి పడ్డ రాత్రి దీపం కింద పళ్లెంలో నీళ్లు పోసి ఉసిళ్లు పట్టిన రాయలసీమ, తెలంగాణ పల్లెజనానికి ఈ యంత్రాంగం విడమర్చి చెప్పనక్కర్లేదు. రెక్కలు రాల్చి, దోరగా వేయించి, ఉప్పూ కారం చల్లిన ఉసిళ్ల రుచి తెలిసిన నాలుకలు ఇంకా ఉన్నాయి. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించిన నివేదిక, ప్రపంచంలో కనీసం 200 కోట్ల మంది సంప్రదాయ తిండిలో కీటకాలున్నాయని లెక్కగట్టింది. ఆ లెక్కలో మన తాతమ్మలూ ఉంటారు.

సాలీడు దగ్గరా మనకో చుట్టరికం ఉంది, తినేది కాకపోయినా. 1899లో అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఓ నీలిరంగు సాలీడును శాస్త్రవేత్తలు కొత్త జాతిగా నమోదు చేశారు. తర్వాత వందేళ్లు దాని జాడే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడది అంతరించే ముప్పు అంచున ఉన్న జాతి. దాన్ని ఎవరూ వేయించుకు తినరు. నీలం రంగు మీద మోజుతో విదేశాల్లో గాజు పెట్టెల్లో పెంచుకుంటారు. దానికీ అసలు దెబ్బ అడవి తరగడమే.

బస్సు హారన్ మోగింది. విదేశీ కుర్రాడొకడు కాలు సగం కొరికి, సగం చేతిలో పట్టుకుని ఫోన్‌లో తన మొహాన్ని తానే చూసుకుంటున్నాడు. అతని ముందు సీట్లో నడివయసు కంబోడియా ఆవిడ ప్లాస్టిక్ సంచి ముడి విప్పింది. లోపల నాలుగు సాలీళ్లు, పక్కన అరటాకులో కాసింత అన్నం. రెండు పక్కన పెట్టి సంచి ముడి మళ్లీ బిగించింది, ఇంట్లోవాళ్లకు కాబోలు. మిగతా వాటిలో ఒకదాని కాలు తుంచి నోట్లో వేసుకుని, పక్క సీటులో కూర్చున్న మనిషి వైపు తిరిగి ‘ఞామ్ బాయ్?’ అంది. అన్నం తిన్నావా అని. కిటికీ అవతల ఆరో నంబరు రహదారి పక్క తాటిచెట్లు వెనక్కి పోతున్నాయి.