ఆందోళనకు అశ్వగంధ: ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు?

నిత్యం ఒత్తిడితో సతమతమవుతున్న 64 మందిపై హైదరాబాద్‌లో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. సగం మందికి అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చారు. మిగతావారికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 60 రోజుల తర్వాత చూస్తే అశ్వగంధ వాడినవారిలో ఒత్తిడి, ఆందోళన బాగా తగ్గాయి. రక్తంలో కార్టిసాల్ హార్మోను కూడా దిగింది. 2023లో డెన్మార్క్ అదే అశ్వగంధను నిషేధించింది. అది థైరాయిడ్‌పైనా, సంతానానికి సంబంధించిన హార్మోన్లపైనా ప్రభావం చూపవచ్చనీ, గర్భస్రావానికి దారితీయవచ్చనీ అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం 2020లో హెచ్చరించింది.

ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరదనిపిస్తుంది కానీ, కుదురుతుంది. ఒంటిమీద పనిచేసేదేదైనా మందే. మందన్నాక మోతాదు ఉంటుంది, గడువు ఉంటుంది, పడనివాళ్లూ ఉంటారు. ‘చెట్టు మందే కదా, ఏం చేస్తుందిలే’ అంటూ మొదలుపెట్టేవారు మరిచిపోయేది ఇదే.

పైగా ఇలాంటి పరీక్షలకు ఇతర జబ్బులు లేనివారినే ఏరి తీసుకుంటారు. దుకాణంలో డబ్బా కొనే యాభై ఏళ్ల మనిషి అప్పటికే బీపీకి ఒకటి, షుగర్‌కు రెండు మాత్రలు మింగుతుంటాడు. అశ్వగంధ ఆ రెంటినీ మరికాస్త దించగలదు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. థైరాయిడ్ మాత్ర వాడేవారిలో ఆ హార్మోను అవసరానికి మించవచ్చు. గర్భిణులు దీని జోలికి పోకూడదు.

కాలేయం సంగతి వేరుగా చెప్పుకోవాలి. అశ్వగంధ ఒక్కటే ఉన్న ఉత్పత్తులు వాడి కాలేయం దెబ్బతిన్న 8 మంది గురించి మన దేశపు వైద్యులు 2023లో ప్రచురించారు. వారిలో అప్పటికే కాలేయ వ్యాధి ఉన్న ముగ్గురు చనిపోయారు. ఇంతమంది వాడే మందులో ఇది అరుదే. కానీ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ క్షణమే మానేసి ఆసుపత్రికి వెళ్లాలి.

పల్లెల్లో పెన్నేరు గడ్డ అని పిలిచే ఈ వేరు పొడి వేరు, దాని సారం వేరు. ఆయుర్వేదంలో చూర్ణం మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. సారం బాగా చిక్కనిది, అందుకే మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. పొడి లెక్కన సారం వేసుకుంటే కొంప మునుగుతుంది. డబ్బా మీద ‘వేరు’ అని రాసి ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. అన్నీ సరిగ్గా ఉన్నా రెండు మూడు నెలలు దాటించవద్దు. అంతకుమించి వాడితే ఏమవుతుందో చెప్పే పరీక్షలు పెద్దగా లేవు.

విటమిన్ల దగ్గర పొరపాటు ఇంకో రకం. నీరసం, కాళ్ల తిమ్మిర్లు, చిరాకు ఉన్నవారిలో బీ12 లోపం బయటపడుతుంటుంది. ముఖ్యంగా శాకాహారుల్లో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో. అలాంటివారికి బీ12 ఇస్తే తేడా కనిపిస్తుంది. లోపం లేనివారికి ఆ మాత్ర ఆందోళన తగ్గిస్తుందని ఆశపడటం దండగ. బీ6 మీద మాత్రం ఒక ఆసక్తికరమైన ఫలితం ఉంది. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2022లో ప్రచురించిన అధ్యయనంలో, నెల రోజులు రోజుకు 100 మిల్లీగ్రాముల బీ6 తీసుకున్న యువతీయువకులు ఆందోళన కొంత తగ్గిందన్నారు. అయితే ఎక్కువ మోతాదు బీ6 నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు మొద్దుబారతాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెట్టిన గరిష్ఠ పరిమితి రోజుకు 12 మిల్లీగ్రాములే!

విటమిన్ డి కథ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి వేసుకోవాల్సింది. రోజూ వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులతో, మూత్రపిండాల సమస్యతో ఆసుపత్రిలో చేరేవారున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజువారీ అవసరం 600 యూనిట్లు.

అసలు గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు. ఇక్కడో చిక్కుముడి ఉంది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ రక్తపరీక్షనే తప్పుదారి పట్టిస్తాయి. లేని జబ్బు ఉన్నట్టు కాగితం మీద కనిపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక జారీచేసింది. పరీక్షకు ముందు ఎన్నాళ్లు మానాలో డాక్టరును అడగాలి.

అమెరికాలో సులువుగా దొరికే సెయింట్ జాన్స్ వోర్ట్ మాత్రలతో ఇంకా జాగ్రత్త. మానసిక వైద్యులు రాసే ఎస్సిటలోప్రామ్ వంటి మందులతో కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రల బలాన్నీ తగ్గిస్తుంది. మన సారస్వతారిష్టం లాంటి అరిష్టాల్లో పులియడం వల్ల కొంత ఆల్కహాల్ ఉంటుంది. నిద్రమాత్ర వేసుకునేవారు అది గుర్తుంచుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఈ డబ్బాలన్నీ సంచీలో వేసుకెళ్లాలి. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’ అంటే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే వీటిని మందులుగా లెక్కేయరు. రాసిన మానసిక మందులను అశ్వగంధ దొరికిందని హఠాత్తుగా ఆపేస్తే ఆందోళన రెట్టింపై వెనక్కి వస్తుంది. డాక్టరును కలవడం కష్టమైతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.