గుట్ట లేవలేదు, నేలే దిగింది

"తాతా, ఈ గుట్ట ఎట్ల లేచింది?"

అనంతగిరి మీద వ్యూపాయింట్ దగ్గర నిలబడి మా మనవరాలు అడిగిన మాట ఇది. లేవలేదు బిడ్డా, ఇది ఉన్న చోటనే ఉన్నది, చుట్టూ ఉన్న నేలే కిందికి దిగింది అన్నాను. అది నమ్మలేదు. పెద్దవాళ్ళు మాత్రం నమ్ముతారా? గుట్ట అనగానే భూమిలోంచి ఉబికి వచ్చిందనే అనుకుంటాం. హిమాలయాల సంగతి వేరు. అవి నిజంగా లేచినవే, ఇంకా లేస్తూనే ఉన్నాయి. మన దిక్కు గుట్టల కథ అది కాదు.

మన ఊరు సిర్గాపూర్ నుంచి అనంతగిరికి పోవాలంటే నారాయణఖేడ్ మీదుగా జహీరాబాద్ చేరి, అక్కడ రైలెక్కి వికారాబాద్‌లో దిగొచ్చు. టౌను దాటగానే అడవి మొదలవుతుంది. కానీ అసలు పాఠమంతా దారిలోనే ఉంది. సెల్‌ఫోన్లు సంచిలో పెట్టి నేల రంగు చూస్తూ రండి అని పిల్లలకు ముందే చెప్పాను. మన ఊరి చుట్టూ నల్లరేగడి, పత్తి, కంది, జొన్న పండే నేల. జహీరాబాద్ దగ్గరపడే కొద్దీ ఎరుపు కనపడుతుంది. పేరున్న కోహీర్ జామ ఆ ఎర్రనేలలో పండేదే. చూడ్డానికి ఒకదానికొకటి ఏమీ కాని ఈ నలుపు, ఎరుపు ఒకే రాయికి పుట్టిన బిడ్డలు.

ఆ రాయి పేరు బసాల్ట్. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద దక్కనులో నేల పొడవాటి బీటలు వారి, లోపలి లావా బయటికి పొర్లింది. బొమ్మల్లో చూపించే కొండ మూతి అగ్నిపర్వతం కాదు. బీటల్లోంచి వచ్చింది వచ్చినట్టే పరుచుకుంది, ఆరింది, దాని మీద ఇంకో పొర వచ్చి పరుచుకుంది. మన ఇళ్ళలో జొన్నరొట్టెలు కాల్చి ఒకదాని మీద ఒకటి వేసినట్టు దొంతర పేరింది. ఇప్పటికి మిగిలిందే ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలో ఈ దొంతర చాలా మందం. మన వైపు దాని తూర్పు అంచు, కాబట్టి పలచన. వికారాబాద్ దాటి హైదరాబాద్ వైపు పోతే లావా అయిపోయి, దాని కిందున్న గ్రానైటు బయటపడుతుంది. గోల్కొండ కోట కింది బండ అదే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాని ముందు మన లావా నిన్న మొన్నటిది!

సరే, ఇంత రాయి మీద వాన పడితే ఏమవుతుంది? రాయి పుచ్చుతుంది. నీళ్ళు పోవడానికి వీల్లేని పల్లంలో అయితే, రాయిలోని సున్నం, మెగ్నీషియం అక్కడక్కడే నిలిచి జిగట మట్టి తయారవుతుంది. అదే మన నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. బాగా వానలు పడి, వేడి ఉండి, నీళ్ళు కిందికి దిగిపోయే చోట మాత్రం కథ మారుతుంది. లక్షల ఏళ్ళపాటు నీళ్ళు రాయిలో కరిగేవన్నీ కడుక్కుపోతాయి. సున్నం పోతుంది, మెగ్నీషియం పోతుంది, చివరికి ఇసుకకు మూలమైన సిలికా కూడా పోతుంది. కరగని మొండిఘటాలు రెండే మిగులుతాయి, ఇనుము, అల్యూమినియం. ఇనుముకు తుప్పు పట్టి ఎరుపెక్కుతుంది. అదే మన ఎర్రరాయి, మనం మొరం అని పిలిచేదానికి తల్లి. సైన్సు పుస్తకాల్లో లాటరైట్ అంటారు. బుకానన్ అనే స్కాట్లండ్ డాక్టరు మలబారు దిక్కు తిరిగి, 1807లో అచ్చయిన పుస్తకంలో దీని గుణం రాసిపెట్టాడు: తవ్వినప్పుడు మెత్తగా ఇనుప పనిముట్టుకు తెగుతుంది, గాలి తగిలితే ఇటుకలా గట్టిపడుతుంది అని. ఆ మాట ఆయన చెప్పేదాకా మనవాళ్ళకు తెలియదనుకోకండి. అంతకు దాదాపు 400 ఏళ్ళ ముందే బీదర్ కోటకు ఈ రాయినే కోసి పేర్చారు.

ఇప్పుడు గుట్ట సంగతి. ఒకప్పుడు ఈ ఎర్రరాతి గట్టి పెంకు చాలా దూరం పరుచుకుని ఉండేది. వాగులు దాని అంచుల్ని కొరికాయి. పెంకు తెగిన చోట కింది మెత్తని రాయి, మట్టి త్వరగా కొట్టుకుపోయి నేల దిగిపోయింది. పెంకు నిలిచిన చోట నేల నిలిచింది. ఆ నిలిచినదే అనంతగిరి. నా మాట నమ్మొద్దు, వ్యూపాయింట్ నుంచి దూరంగా చూడండి. కనపడే గుట్టల్లో ఒక్కదానికీ మొన ఉండదు. అన్నీ తలలు చదునుగా, ఇంచుమించు ఒకే ఎత్తులో, గీత గీసినట్టుంటాయి. ఆ గీతే పాత నేల. వాటి నడుమ ఉన్న గాలంతా ఒకప్పుడు రాయి. ఇంత చెప్పాక మా మనవరాలు కాస్త మెత్తబడి, "అయితే ఆ మట్టంతా ఎటు పోయింది?" అంది. కృష్ణా డెల్టాలో వరి పండిస్తోంది అన్నాను.

వాళ్ళ అన్నకు రాళ్ళ గోల పట్టలేదు. వాడి గోల హైదరాబాద్ కనపడుతుందా అని. లెక్క సులువు. ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే, నేల వంపు అడ్డం రాకుండా ఎన్ని కిలోమీటర్లు చూడొచ్చో వస్తుంది. చేనులో నిలబడ్డ పిల్లవాడికి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టుపక్కల నేలకంటే వంద మీటర్ల పైన నిలబడితే 36 కిలోమీటర్లు. హైదరాబాద్ అంతకంటే దూరం. ఎత్తైన మేడలు తమ ఎత్తుతో మనకు కొంత ఎదురొస్తాయి గానీ, నడుమ ఉన్న దుమ్ము, పొగ, తేమ వాటిని మింగేస్తాయి. పెద్ద వాన వెలిసిన పొద్దున పోతే దూరం ఎక్కువ కనపడేది అందుకే. వాన గాలిని కడిగి పెడుతుంది.

గుట్ట మీద ఆక్సిజన్ ఎక్కువట కదా అని పక్కనున్నాయన ఒకరు ఊపిరి బలంగా పీల్చారు. పాపం, ఆయన ఆనందం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను. మీకు మాత్రం చెప్పాలి. గాలిలో ఆక్సిజన్ వంతు గుట్ట మీదైనా, సిటీలో అయినా నూటికి 21 పాళ్ళే. సముద్రమట్టం నుంచి 600 మీటర్ల పైచిలుకు ఎత్తు కాబట్టి, గాలి కొంచెం పలచనై, విశాఖ బీచిలో కంటే ఊపిరికి కాస్త తక్కువే అందుతుంది. ఇక్కడ మేలైనది ఆక్సిజన్ కాదు, దుమ్ము లేకపోవడం. నిజాం కాలంలో క్షయ రోగులకు ఇక్కడ ఆసుపత్రి కట్టడానికి కారణం కూడా మంచి గాలి, విశ్రాంతి దొరుకుతాయనే. క్షయకు సరైన మందు లేని రోజులవి.

చల్లదనమూ అంతే. వంద మీటర్లు ఎక్కితే ఎత్తు వల్ల తగ్గే వేడి డిగ్రీలో మూడింట రెండు వంతులైనా ఉండదు. మిగతాదంతా చెట్ల పుణ్యం. చెట్టు ఆకుల్లోంచి ఒక లీటరు నీరు ఆవిరైతే, వెయ్యి వాట్ల హీటరు 40 నిమిషాల్లో ఇచ్చేంత వేడిని చుట్టుపక్కల నుంచి లాగేసుకుంటుంది. కానీ ఇది ఆకు రాల్చే అడవి. ఏప్రిల్‌లో టేకు, మోదుగ మోడులై నిలబడతాయి. అప్పుడు పోయి చల్లగా లేదని అడవిని తిట్టకండి. శ్రావణం నుంచి కార్తికం దాకా పోవాలి.

అన్నిటికంటే నాకు నచ్చేది నీళ్ళ కథ. ఎర్రరాయి నిండా బెజ్జాలు. వాన పడగానే తాగేస్తుంది. కింద బంకమట్టి, దాని కింద గట్టి బసాల్ట్, అవి నీళ్ళను దిగనివ్వవు. దాంతో నీళ్ళు అడ్డంగా జరిగి, గుట్ట పక్కన ఎరుపు, నలుపు కలిసే చోట ఊటగా బయటికొస్తాయి. బీదర్‌లో బహమనీల కాలంలో ఈ గుట్టు తెలిసే, ఆ రెండు రాళ్ళు కలిసే చోట సొరంగాలు తొలిచి ఊరికి నీళ్ళు తెచ్చారు. కరేజ్ అంటారు వాటిని. అనంతగిరిలో అదే ఊట మూసీ నదికి మొదలు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన నది అదే. ఆ వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్య సలహాతో దానికి అడ్డంగా ఆనకట్ట కట్టి, 1920లో పూర్తి చేసిన చెరువే గండిపేట.

ఈ గుట్టల పడమటి వాలు మీద పడ్డ నీళ్ళు కాగ్నా నదిలో చేరి, తాండూరు మీదుగా భీమాలో, భీమా వెంట కృష్ణలో కలుస్తాయి. తూర్పు వాలు నీళ్ళు మూసీ వెంట పోయి వాడపల్లి దగ్గర అదే కృష్ణను చేరతాయి. ఒకే వానలో విడిపోయిన రెండు చుక్కలు కర్ణాటక ఒకటి, హైదరాబాద్ ఒకటి తిరిగొచ్చి వాడపల్లిలో కలుసుకోవచ్చు. మన సిర్గాపూర్ చుక్కకు మాత్రం ఆ భాగ్యం లేదు. అది నల్లవాగులో పడి, మంజీరలో కలిసి, కందకుర్తి దగ్గర గోదావరిలో చేరుతుంది.

ఇప్పుడు ఒక్క మాట. రోడ్లకు, ప్లాట్లకు మొరం కావాలని ఎర్రగుట్టల తలలే ముందు తవ్వుతారు, అందేది అదే కనక. ఆ తల పోతే నీళ్ళు తాగే పొరే పోతుంది, పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. మీ ఊళ్ళో గుట్ట మీదికి జేసీబీ ఎక్కిన రోజు, గుట్ట కింద ఎవరెవరి బావులున్నాయో లెక్కపెట్టి గ్రామసభలో అడగండి.